పటం వెనక పటం

ఆ వేసవి మొదలయ్యేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: పెద్ద బజారు మలుపులో పటాలు కట్టే కొట్టు, దాని వెనకే రెండు గదుల ఇల్లు, ఆరు నెలలకు సరిపడా ఫ్రేము చెక్క, గడ్డిలో పొదిగి పెట్టెల్లో దాచిన ఎనభై గాజు పలకలు, ప్రభుత్వ కార్యాలయాలకు పటాలు కట్టిపెట్టే పని, ఒక భార్య, ఒక బావమరిది. బావమరిదిని చివర రాశానని మా ఆవిడ అనుకోకూడదు. విలువను బట్టి పేర్చిన వరస కాదిది.

విలువే చూస్తే అతని పేరు మొదట రాయాలి. ఇరవై ఆరేళ్ల మనిషి. గాజు మీద ఒక గీత గీసి, వేలి వెనకతో చిన్నగా తట్టేవాడు. ఎక్కడ విరగమంటే అక్కడ విరిగేది. ఇరవయ్యేళ్లుగా ఈ పనిలో ఉన్న నా చేతిలో పదింటికి ఒకటి పగిలేది. అందుకని నేను బేరాలు చూసుకునేవాణ్ని, అతను పని చూసుకునేవాడు.

ఎన్నికలు అప్పుడే అయ్యాయి. కొత్త ప్రధానిని బజారులో అందరూ పెద్దాయన అనేవాళ్లు. ఆయన పటాలు రెండు వందల పన్నెండు కట్టి, ఊళ్లో ఒక్కో కార్యాలయంలో కుర్చీ వెనక గోడకు ఒక్కోటి తగిలించి వచ్చాం. ఒక్కటీ వంకర లేదు. ప్రతి పటం వెనకా మా కొట్టు ముద్ర, చిరునామాతో సహా, నేనే దగ్గరుండి వేయించాను. ఆ ముద్ర మీద నాకు కాస్త మోజు.

ఆ తర్వాత తగువు మొదలైంది. సేనాధిపతి పదవీకాలం నెలాఖరుకు ముగుస్తుందని పెద్దాయన అన్నాడు. ముగియదని సేనాధిపతి అన్నాడు. ఆయన ఏ ఫొటోలోనూ టోపీ తీయడు కాబట్టి బజారువాళ్లు ఆయనకు టోపీ అని పేరు పెట్టారు. పత్రికలవాళ్లు ఇద్దరి మాటా ఒకే పేజీలో వేసేవాళ్లు, ఒక వారం ఆయనది పైన, ఇంకో వారం ఈయనది పైన. మేము వార్త చదవడం మానేసి, ఎవరిది పైన పడిందో చూసి పత్రిక మడిచేసేవాళ్లం.

ఒక మధ్యాహ్నం సచివాలయంలో కొనుగోళ్లు చూసే సూపరింటెండెంటు కొట్టుకు వచ్చాడు. మా పటాల ఆర్డర్లన్నీ ఆయన చేతి మీదుగానే వచ్చేవి. కుర్చీలో కూలబడి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"టీ చెప్పమంటారా?" అన్నాను.

"చెప్పు. చక్కెర ఎక్కువ వేయమను. ఈ వారం ఒంట్లో ఓపిక చాలడం లేదు."

"ఏమైంది?"

"పొద్దున ప్రధాని కార్యాలయం నుంచి కాగితం వస్తుంది, సైన్యం రాసే ఏ ఉత్తరానికీ జవాబివ్వొద్దని. మధ్యాహ్నం సైన్యం నుంచి ఉత్తరం వస్తుంది, వెంటనే జవాబివ్వమని."

"మీరేం చేస్తున్నారు?"

"రెండిటి మీదా 'అందినది' అని రాసి సంతకం పెడుతున్నాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేర్చుకున్న విద్య ఇదొక్కటే."

బావమరిది గాజు మీంచి తలెత్తాడు. "రెండు కాగితాలూ ఒకేసారి వస్తే?"

"ఆ రోజు నేను సెలవులో ఉంటానయ్యా."

ముగ్గురం నవ్వాం. అంతలో సైనిక లారీ ఒకటి వీధిలోంచి వెళ్లింది. పెట్టెల్లో గాజు పలకలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. మొత్తం పదకొండు. పలకలు మోగినంతసేపూ సూపరింటెండెంటు టీ గ్లాసు గాల్లోనే పట్టుకున్నాడు. తర్వాత తాగకుండానే లేచి వెళ్లిపోయాడు.

నెలాఖరు రోజున రేడియోలో పొద్దున్నుంచీ వీణ తప్ప మాట లేదు. పది దాటాక ఒక గొంతు చెప్పింది: శాంతిభద్రతల దృష్ట్యా పాలన వ్యవహారాలను సేనాధిపతి తాత్కాలికంగా పర్యవేక్షిస్తారట, ప్రధాని కొంతకాలం విశ్రాంతి తీసుకుంటారట. పెద్దాయనను దించామని ఎవరూ అనలేదు. దిగానని ఆయనా అనలేదు. ఆయన తన ఇంట్లోనే ఉన్నాడు. ప్రహరీ లోపల ఆయన పోలీసులు, బయట టోపీగారి సైనికులు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. అటో ఇటో తేలిపోయి ఉంటే మేమూ ఊపిరి పీల్చుకునేవాళ్లం. తేలకపోవడమే మా ప్రాణం తీసింది. బజారంతా తలుపులు సగం వేసి, సగం తీసి వ్యాపారం చేసింది.

మూడో రోజు కొట్టు ముందు జీపు ఆగింది. సుబేదారు ఒకాయన దిగాడు, పెద్ద మీసం, చంకలో పొడవాటి కాగితపు చుట్ట. బల్ల మీద విప్పి పరిచాడు. టోపీగారి రంగుల ఫొటో. సైన్యంవాళ్లు తమ గదుల్లో పెట్టుకునే పటాలు చిన్నవి. ఇది కార్యాలయాల కొలత, అంగుళం తేడా లేదు.

"ఎన్ని సార్?"

"రెండు వందల పన్నెండు."

పెద్దాయన పటాలు కట్టిందీ సరిగ్గా అన్నే.

"కొత్త ఫ్రేములు అక్కర్లేదు" అన్నాడు సుబేదారు. "గోడల మీద ఉన్నవే దించి లోపల బొమ్మ మార్చండి. నాలుగు రోజులు టైము."

ఆయన వెళ్లాక మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. మా కొట్టుకూ ఇంటికీ మధ్య ఒకటే గుమ్మం, తలుపు లేదు. ఏ మాటైనా అటూ ఇటూ వినిపిస్తుంది.

"కుదరదని చెప్పకపోయారా?" అంది.

"ఎవరికి చెప్పను? మీసానికా, తుపాకీకా?"

"రేపు పెద్దాయన తిరిగొస్తే?"

"వస్తే మళ్లీ మారుద్దాం. పటం కట్టేవాడికి ఎవరైతేనేం?"

పటాలన్నీ బండి మీద కొట్టుకు చేర్చాం. అప్పుడు వచ్చింది అసలు చిక్కు. మా పద్ధతిలో బొమ్మను గంజితో అట్టకు అంటిస్తాం. ముడత పడదు, ఏళ్ల తరబడి నిలుస్తుంది. కానీ ఆ బొమ్మను తీయాలంటే అట్టతో సహా తీసి పారేయాల్సిందే. కొత్త అట్టలు కావాలి. అట్టలు తెచ్చే లారీలను ఊరి బయటే ఆపి తనిఖీ చేస్తున్నారు, ఎప్పుడు వదులుతారో తెలియదు. కొట్టులో ఉన్నవి నలభై ఒకటి. ఆ నలభై ఒక్క పటాలూ పద్ధతి ప్రకారం మార్చాడు బావమరిది. తర్వాతి పటం వెనక మేకులు ఊడదీసి, పెద్దాయన బొమ్మను పైకెత్తి పట్టుకుని నా వైపు చూశాడు.

"ఈయన్ని ఏం చేద్దాం బావా?"

"ఉండనీ. టోపీని పైన పెట్టి మేకులు కొట్టెయ్."

"కింద ఈయన అలాగే ఉంటాడుగా."

"అట్టగా పనికొస్తాడు. ఎన్నాళ్లుంటుందో తెలియని బొమ్మకు కొత్త అట్ట దండగ."

అతను పడీ పడీ నవ్వాడు. "పైన టోపీ, కింద తల. ఇన్నాళ్లకు సరిగ్గా కుదిరింది."

"ఆ నవ్వులు వీధిలోకి వద్దు" అంది లోపలినుంచి మా ఆవిడ.

నిజానికి ఇది మా పనిలో అందరూ చేసేదే. పెళ్లి ఫొటోల వెనక పాత క్యాలెండర్లు, పరీక్ష పట్టాల వెనక సబ్బుల ప్రకటనలు, ఎవరు విప్పి చూస్తారు? వెనక గోధుమరంగు కాగితం అంటించి, ముద్ర వేసి, చెప్పిన టైముకు అన్నీ గోడలకు ఎక్కించాం. సుబేదారు ఒక్కో గదికీ వచ్చి, వంకర ఉందేమోనని తల వంచి చూసి, బాగుందన్నాడు.

మూడు వారాలు ఏమీ జరగలేదు. ఏమీ జరగని ఆ మూడు వారాల్లో నేను నాలుగు కిలోలు తగ్గాను. బజారులో ఎవరితో మాట్లాడినా ముందు వెనక్కు చూసుకోవడం అలవాటైంది. ఎండలు మండిపోతున్నాయి. కార్యాలయాల్లో పంకాలు రోజంతా తిరుగుతున్నాయి.

ఆ పంకా గాలికే టెలిఫోను కార్యాలయంలో గోడ మేకు వదులైంది. పట్టపగలు అందరూ చూస్తుండగా పటం కింద పడింది. గాజు పగిలింది. టోపీగారి ఫొటో ఎండకు అంచులు లేచి చుట్టుకుపోయింది. దాని కిందనుంచి పెద్దాయన చిరునవ్వుతో గదిలోకి చూశాడు. ఫోన్లు కలిపే ఆడవాళ్లు పన్నెండు మంది ఒక్క మాట మాట్లాడలేదట. కానీ ఫోన్లు కలిపేది వాళ్లే. సాయంత్రానికి ఊరందరికీ తెలిసింది. "వెనకాలే ఉన్నాడట" అని ఒకరంటే, "ఎక్కడికీ పోలేదట" అని ఇంకొకరు. గుమాస్తాలు తమ గదిలో పటం వైపు కొత్తగా చూడటం మొదలుపెట్టారు. కొందరు పొద్దున రాగానే దానికి దండం పెడుతున్నారనీ, ఎవరికి పెడుతున్నారో తేల్చుకోలేక పైఅధికారులు గింజుకుంటున్నారనీ సూపరింటెండెంటు వచ్చి చెప్పాడు. చెప్పి, "నా పేరు మాత్రం ఎక్కడా ఎత్తకు" అన్నాడు.

రెండో రోజు సైన్యం పటాలన్నీ దింపించి విప్పించింది.

మర్నాడు మా కొట్టుకు మేజరు వచ్చాడు. సన్నటి మనిషి, కళ్లద్దాలు, గొంతు పెంచని మాట. మా ముద్ర ఉన్న గోధుమరంగు కాగితం ముక్క బల్ల మీద పెట్టాడు.

"ఇది మీదేనా?"

"మాదే సార్."

"నూట డెబ్భై ఒక్క కార్యాలయాల్లో ఆయన లోపల ఉన్నాడు. నలభై ఒక్క కార్యాలయాల్లో లేడు. ఆ నలభై ఒకటి ఎలా ఎంచుకున్నారు?"

"ఎంచుకోలేదు సార్. అట్టలు నలభై ఒకటే ఉన్నాయి."

"అట్టలు" అన్నాడు మేజరు. చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకుని, దాని కింద గీత గీశాడు. "ఆయన్ని లోపల ఉంచాలన్నది ఎవరి ఆలోచన?"

పంకా తిరుగుతోంది. గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. బావమరిది చేతిలోని గాజు కోసే కలాన్ని బల్ల మీద పెట్టాడు.

"వెనక పని నాది సార్" అన్నాడు.

మేజరు నా వైపు తిరిగాడు. "అవునా?"

"గాజు, అట్ట, వెనక పని అన్నీ అతనే చూస్తాడు సార్. నేను బేరాలు చూసుకుంటాను" అన్నాను.

బావమరిది ఒంటి మీది పని బట్ట విప్పి మడిచి బల్ల మీద పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. "మూడో పెట్టెలో గడ్డికి చెమ్మ పట్టింది బావా, ఎండలో వేయించు" అన్నాడు. జీపు ఎక్కాడు. అది కదిలినప్పుడు పెట్టెల్లో పలకలు మోగాయి.

ఆ సాయంత్రం మా ఆవిడ ఏడవలేదు, కేకలు వేయలేదు. నా ముందు భోజనం పెట్టి, "మీరన్నదాంట్లో ఒక్క అబద్ధం లేదు" అంది. "అందుకే నాకు భయంగా ఉంది."

ఏ భయమో నేను అడగలేదు.

రోజూ పొద్దున ఆమె ఉతికిన బట్టల జత తీసుకుని కంటోన్మెంటు గేటుకు వెళ్లేది. కాపలావాడు జత తీసుకునేవాడు. విడిచిన జత మాత్రం తిరిగి ఇచ్చేవాడు కాదు. అతను లోపల ఉన్నాడో, ఇంకెక్కడికైనా తరలించారో తెలుసుకునే దారి లేదు. ఇంట్లో అతని బట్టలు అయిపోయాక నావి తీసుకెళ్లింది. అవీ తిరిగి రాలేదు.

నేను పోయి సుబేదారును పట్టుకున్నాను. గేటు బయట చెట్టు కింద బీడీ కాలుస్తున్నాడు.

"అది కుట్ర కేసు" అన్నాడు. "ఎవరి ఆలోచనో తేలాలి."

"అతనేమంటున్నాడు?"

"నాదే అంటున్నాడు. ఎందుకు చేశావంటే అట్టలు లేక అంటున్నాడు. రోజూ అదే మాట. వీళ్లు కొట్టి అడిగినా అదే, కూర్చోబెట్టి అడిగినా అదే." బీడీ పారేసి నలిపాడు. "ఇంకెవరో చెప్పారని ఒక్క పేరు చెబితే వదిలేద్దురు. ఎవరో ఒకరిది. చెప్పడు."

ఆ మాట మా ఆవిడకు చెప్పలేదు. కొట్టు తీసి కూర్చునేవాణ్ని. గాజు కోయబోతే రెండింటికి ఒకటి పగులుతోంది. నా పేరు అతను రేపు చెబుతాడేమోనని ఒక రోజు, ఇంకా చెప్పలేదే అని ఒక రోజు. రెండు రోజుల్లో దేనికి ఎక్కువ భయపడ్డానో రాయమంటే రాయలేను. ఊళ్లో ఏ వార్తా లేదు. పెద్దాయన ఇంటి ప్రహరీకి అటూ ఇటూ వాళ్లు అలాగే నిలబడి ఉన్నారు. పత్రికల్లో మాత్రం ఇద్దరి ఫొటోలూ కనిపించడం మానేశాయి.

ముప్పై మూడో రోజు పొద్దున నేను గడ్డం గీసుకుని, ఉన్న ఒక్క మంచి చొక్కా వేసుకున్నాను. మా ఆవిడ గేటుకు తీసుకెళ్లాల్సిన జత మడుస్తోంది.

"వెళ్లి చెప్పేస్తాను" అన్నాను.

"ఏమని?"

"నాదని."

ఆమె చేతులు ఆగాయి. నా ముఖంలోకి చూసింది. జత నా చేతికిచ్చి, వీధి తలుపు తీసి పట్టుకుంది.

దారిలో టెలిఫోను కార్యాలయం. రెండు నెలలుగా దాని ముందు నడుమెత్తున పేర్చిన ఇసుక బస్తాలను సైనికులు లారీలోకి ఎత్తుతున్నారు. ఒకడు ఈల వేస్తున్నాడు.

నేను వ్యాపారిని. కొట్టు తలుపు ఎంతవరకు తీశారో చూసి లోపల సరుకెంతో చెప్పగలను. ఆ ఈల విని అక్కడే ఆగిపోయాను. తగువు తేలిపోయింది. ఎటు తేలిందో తెలియదు గానీ, ఇక బావమరిదిని పట్టి ఉంచే పని ఎవరికీ లేదు. ఇప్పుడు వెనక్కు తిరిగితే మధ్యాహ్నానికి అతనే నడుచుకుంటూ వస్తాడు. నేను వెళ్లడం వల్ల ఎవరికీ దమ్మిడీ లాభం లేదు. వెళ్లకపోతే ఎవరికీ నష్టం లేదు. అలా లెక్క వేస్తూ ఎంతసేపు నిలబడ్డానో, సైనికుడొకడు పక్కకు జరగమన్నాడు. ముందుకే జరిగాను.

మేజరు గదిలో కాగితాలు పెట్టెల్లోకి సర్దుతున్నారు. నన్ను చూసి కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"ఆలోచన నాది సార్. అట్టగా పనికొస్తాడని అన్నది నేను. అతను ఈయన్ని ఏం చేద్దామని అడిగాడు. ఉండనిమ్మన్నాను."

ఆయన నా మాట పూర్తిగా విన్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పొద్దున రేడియో విన్నారా?"

"లేదు సార్."

"ఇసుక బస్తాలు?"

"చూశాను."

"ఒప్పందం కుదిరింది. ప్రధాని సాయంత్రం కార్యాలయానికి వెళ్తారు. సేనాధిపతి ఇంకో ఏడాది కొనసాగుతారు." బల్ల మీది కాగితాలు నా వైపు తిప్పాడు. "పొద్దున్నుంచీ ఈ గదికి వచ్చినవాళ్లలో మీరు నాలుగోవారు. ముందు వచ్చిన ముగ్గురూ గుమాస్తాలు. ప్రధాని బొమ్మను లోపల భద్రంగా ఉంచమన్నది తామేనని సంతకాలు పెట్టి వెళ్లారు. మీరూ పెట్టండి. ముందు ముందు పనికొస్తుంది."

"నాకు వద్దు సార్. నేను నిన్నటి సంగతి చెప్పడానికి వచ్చాను."

"నిన్న రావలసింది" అన్నాడు మేజరు. కోపంగా కాదు, టైము చెప్పినట్టు చెప్పాడు.

మధ్యాహ్నం గేటు దగ్గరికి మా ఆవిడ కూడా వచ్చింది. బావమరిదిని సుబేదారు వెంటబెట్టుకు వచ్చాడు. ఒంటి మీద నా చొక్కా, భుజాల దగ్గర వేలాడుతోంది. కుడి చేతి రెండు వేళ్లకు గుడ్డ చుట్టి ఉంది.

"మీ బావ కూడా వచ్చాడోయ్, ఆలోచన తనదేనని" అన్నాడు సుబేదారు మీసంలో నవ్వుతూ. "పాపం, ఇవాళే గుర్తొచ్చిందట."

బావమరిది నా వైపు చూసి నవ్వాడు. మంచి నవ్వే. "నెల్లాళ్లుగా నాదని రాసుకున్నారు బావా. ఇప్పుడు మారిస్తే రాసుకున్నవాళ్లకు కష్టం" అన్నాడు. అక్క చేయి పట్టుకుని ముందు నడిచాడు. నేను వాళ్ల వెనక మిగిలిన బట్టల జత మోస్తూ నడిచాను.

విప్పిన పటాలన్నీ మళ్లీ మా కొట్టుకే వచ్చాయి. వాటితో కొత్త ఉత్తర్వు: ప్రతి కార్యాలయంలో ప్రధాని పటం, సేనాధిపతి పటం, పక్కపక్కన, ఒకే ఎత్తులో. వేలెడు తేడా ఉన్నా సంజాయిషీ ఇవ్వాలట. ఆర్డరు తెచ్చిన సూపరింటెండెంటు పదిమందిలో నా భుజం తట్టి, "పెద్దాయన్ని గుండెలో పెట్టుకుని కాపాడిన మనిషి" అన్నాడు. నేను కాదనబోయాను. "నీ అణకువ నాకు తెలుసులే" అన్నాడు.

ఆ పటాలకు గాజు కోసింది వేరే మనిషి. బావమరిది రెండు వేళ్లూ వంగలేదు. అతను నాలుగు వీధుల అవతల అద్దాల కొట్టు పెట్టాడు. కోసిన అద్దాలు తెప్పించి అమ్ముతాడు. "పటాలు ఎందుకు మానేశావు?" అని ఎవరో అడిగితే, "అద్దం వెనక ఏముందని ఎవరూ విప్పి చూడరు" అన్నాడట. నాతో మాటలు లేకుండా పోలేదు. ఎదురైతే ఆగుతాడు. ఆరోగ్యం అడుగుతాడు.

మొదటి వాన పడిన రోజు నేనూ మా ఆవిడా పెరట్లో ఎండబెట్టిన గడ్డిని గబగబా లోపలికి చేరుస్తున్నాం. మధ్యలో ఆమె ఆగి అడిగింది.

"ఆ రోజు ఇంట్లోంచి బయల్దేరేటప్పటికి మీకు తెలుసా?"

"తెలియదు. దారిలో తెలిసింది."

"తెలిశాక కూడా వెళ్లారా?"

"వెళ్లాను."

"ఎందుకు?"

"నీతో చెప్పి బయల్దేరాను కదా."

వాన పెద్దదవుతోంది. ఆమె గడ్డి ఒడిలోకి ఎత్తుకుంది. "ముప్పై మూడు రోజులు ఆలస్యంగా వెళ్లారు" అంది.

"అవును."

"సరే" అని లోపలికి నడిచింది.

ఆ వేసవికి నాకు మిగిలింది చెబుతాను. రెండు వందల పన్నెండు పటాల పని నాలుగు వందల ఇరవై నాలుగైంది. కొట్టు నిలబడింది. నాకు ఊళ్లో ధైర్యస్థుడని పేరొచ్చింది. బావమరిది ప్రాణంతో తిరిగొచ్చాడు, నా కొట్టుకు కాదు. నేను చెప్పిన ఒక్క నిజాన్ని మేజరు నమ్మలేదు, సుబేదారు నమ్మలేదు, బావమరిది నమ్మాడో లేదో తెలియదు. మా ఆవిడ నమ్మింది. ఆలస్యంతో సహా నమ్మింది.